తలా ఒక పని: భర్త వదిలి వెళ్లిన ఒక ఇంటి కేసు

అనంతపురం జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబ కౌన్సెలింగ్‌కు వచ్చిన కేసు ఇది. పదకొండు నెలలు నడిచింది. పేర్లు, ఊరు, కులం తీసేశాం. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాం. రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఒకటుంది. ఈ ఇంట్లో సాయపడేవాళ్లకు కొదవ లేదు. అమ్మ, అన్న, వదిన, మేనత్త, స్నేహితురాలు, అందరూ ప్రాణం పెట్టేవాళ్లే. అయినా మొదటి మూడు నెలలు ఆ ప్రేమంతా కలిసి ఆమెను ఇంకా కుంగదీసింది. అది ఎక్కడ దారి తప్పిందో, ఎట్లా దారిలో పడిందో వివరంగా చెప్పుకోవాలి.

నేపథ్యం

ఆమెకు 31 ఏళ్లు, పదో తరగతి పాసైంది. పదకొండేళ్ల కిందట మేనరికం పెళ్లి. భర్త సొంత మేనత్త కొడుకు. తొమ్మిదేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు. కాపురం మేనత్త ఇంట్లోనే, ముందు వసారా గదులు వీళ్లవి, వెనక గది అత్తది. మామ లేడు. ఆమె తండ్రి కూడా చనిపోయాడు. పుట్టింట్లో అమ్మ, అన్న, వదిన.

నాలుగెకరాల మెట్ట మీద వేరుశనగ పండించేవాళ్లు. మూడు బోర్లు వేసి, మూడోది కూడా ఎండిపోయాక భర్త బెంగళూరులో డ్రైవర్‌గా చేరాడు. నెలకు తొమ్మిది, పది వేలు పంపేవాడు. పండగలకు వచ్చేవాడు. ఆ ఏడాది సంక్రాంతికి రాలేదు. వారం తర్వాత ఫోన్ చేసి “నాకోసం కాసుకోవద్దు, నాకు ఈడ వేరే ఇల్లుంది” అన్నాడు. ఆ నెల నుంచి డబ్బు ఆగిపోయింది. పదకొండేళ్లలో కొట్టింది లేదు, కట్నం గొడవ లేదు. ఆ మాటను ఆమె మా దగ్గర చాలాసార్లు అంది. ‘ఎప్పుడూ ఒక్క మాట అన్నోడు కాదు’ అని. కొట్టే మొగుడు పోతే లోకం ఒక సమాధానం ఇస్తుంది. మంచిగా ఉన్నవాడు పోతే ఆ సమాధానం కూడా దొరకదు, తప్పు తనలోనే వెతుక్కుంటుంది.

దీనికి తోడు ఈ ఎడబాటుకు ముగింపు లేదు. మనిషి చనిపోతే పదకొండో రోజు కర్మ ఉంటుంది, బంధువులు వస్తారు, ఏడుపుకు ఒక హద్దు పడుతుంది. ఇక్కడ మనిషి బతికే ఉన్నాడు, వాట్సాప్‌లో ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాడు. వస్తాడనీ అనుకోలేం, రాడనీ అనుకోలేం. ఇట్లాంటి కేసుల్లో దుఃఖం తెమలకపోవడానికి మొదటి కారణం ఇదే. దీన్ని ‘మనసు గట్టి చేసుకో’ అనే మాటతో దాటలేం.

వచ్చినప్పటి పరిస్థితి

మూడో నెలలో వదిన వెంటబెట్టుకొని వచ్చింది. రాత్రికి మూడు గంటల నిద్ర. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, తర్వాత మళ్లీ పట్టదు. ఆరు కిలోలు తగ్గింది. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 18 వచ్చింది. 15 నుంచి 19 మధ్య ఉంటే కుంగుబాటు బాగా ముదిరినట్టే. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఆమె ‘కొన్ని రోజులు’ అని చెప్పింది. అక్కడ ఆగి, సూటిగానే అడిగాం, చచ్చిపోవాలని ఎప్పుడు అనిపిస్తుంది, ఎట్లా అనుకున్నావు అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది జంకుతారు. అట్లా పుట్టదు. అడిగినప్పుడు ఆమె మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ‘పిల్లోల్లు పండుకున్నాక’ అని చెప్పింది. ఇంట్లో పంటకు కొట్టే మందు డబ్బాలు రెండు వసారాలోనే ఉన్నాయని కూడా చెప్పింది.

పిల్లల సంగతి వేరు. నాన్న డ్యూటీ మీద దూరం పోయినాడని చెప్పి పెట్టారు. కొడుకు మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టాడు. బళ్లో ఒక పిల్ల “మీ నాయన ఇంకొగామెను పెట్టుకున్నాడంట” అన్నప్పటి నుంచి కూతురు పదకొండు రోజులుగా బడికి పోలేదు.

అప్పులు. ఆమె దగ్గర వివరం లేదు, అన్నీ భర్త చూసుకునేవాడు. సంఘం లోన్ ఆమె పేరు మీద, వాడుకున్నది బోరుకు. ఫైనాన్స్ లోన్ కూడా ఆమె పేరు మీదే. నాలుగున్నర తులాల బంగారం బ్యాంకులో తాకట్టు, అది భర్త పేరు మీద, రసీదు భర్త దగ్గర. ఆమె బ్యాంకు ఖాతాకు ఉన్న ఫోన్ నంబరు భర్తది, ఏటీఎం కార్డు కూడా అతని దగ్గరే.

మా దగ్గరకు రాకముందు చేసినవి

పదహారు మంది రెండు బండ్లలో బెంగళూరు వెళ్లారు. అతన్ని కూర్చోబెట్టి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఉగాదికి ఇంటికి వస్తాను’ అని సంతకం పెట్టించారు. ఉగాది వచ్చింది, అతను రాలేదు. ఆ కాగితం వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, పదహారు మంది పరువు ఆమె కాపురానికి ముడిపడింది. ఉగాది తర్వాత వాళ్లలో సగం మంది ఆమెనే నిలదీశారు, నువ్వు ఫోన్‌లో సరిగ్గా మాట్లాడి ఉండవు అని.

రెండో పంచాయతీలో పెద్దమనుషులు ఇంకో మాట తెచ్చారు. రెండు లక్షలు ఇప్పిస్తాం, విడుపు కాగితం రాసుకోండి అన్నారు. అన్న దాదాపు ఒప్పుకున్నాడు. స్టాంపు కాగితం మీద రాసుకున్న విడుపు హిందూ వివాహ చట్టం కింద విడాకులు కాదు. ఆ కులంలో అట్లాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప దానికి విలువ లేదు. ఆ డబ్బు తీసుకున్నట్టు రాసిచ్చి ఉంటే, తర్వాత భరణం అడిగేటప్పుడు అదే కాగితం ఎదురు తిరిగేది. వదిన ఆ రోజు సంతకం పెట్టనీయకుండా ఆపింది. ఈ కేసులో ఆమె చేసిన మొదటి పెద్ద మేలు అది.

మేము చేసి విఫలమైనవి

మొదటి రెండు వారాలు ప్రాణభద్రతే లక్ష్యం. మందు డబ్బాలు అదే రోజు అన్న తీసుకుపోయి తోటలో కొట్టంలో పెట్టి తాళం వేశాడు, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. జిల్లా కేంద్రంలో మానసిక వైద్యుడికి చూపించాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4. అంత తక్కువ ఉంటే నీరసం, గుండెదడ, పనిమీద ధ్యాస లేకపోవడం రక్తహీనత వల్ల కూడా వస్తాయి. అన్నీ ‘బాధ వల్లే’ అని రాసేయడం పెద్ద పొరపాటు. ఐరన్ మాత్రలు భోజనం తర్వాత, టీతో కలపకుండా. కుంగుబాటుకు డాక్టర్ ఒక మాత్ర రాశారు. పదో రోజు అమ్మ దాన్ని ఆపేయించింది, ‘నిద్రమాత్రలు, అలవాటు పడిపోతాది’ అని. అది నిద్రమాత్ర కాదనీ, పని చేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, అనుకున్నప్పుడు ఆపకూడదనీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆమెకు చెప్పాం, మాత్ర చేతికిచ్చే అమ్మకు చెప్పలేదు.

ఆమెను పుట్టింటికి పంపాం. రాత్రిపూట ఒంటరిగా ఉండకూడదన్న ఉద్దేశంతో. ఆ కారణం సరైనదే, పది రోజులు బాగానే గడిచింది. కానీ ఎప్పటిదాకా అన్నది ఎవరూ అనుకోలేదు. మూడో వారానికి కూతురి చదువు పూర్తిగా ఆగింది, వదిన మీద ఏడుగురికి వంట పడింది, ఊళ్లో ‘పుట్టింటికి వచ్చేసింది’ అన్న మాట స్థిరపడింది. ఆమె ఆ ఇంట్లో గిన్నెలు తోమడానికి కూడా అడిగి తోమేది. ఆశ్రయం ఇచ్చేటప్పుడే తిరుగు ప్రయాణం తేదీ పెట్టాలి. లేకపోతే ఆశ్రయం పొందేవాళ్లు చుట్టాలవుతారు, చుట్టాలు కొన్నాళ్లకు భారమవుతారు.

మా దిక్కున ఇంకో తప్పు, కుటుంబ సమావేశం. రెండో వారంలో తొమ్మిది మందిని కూర్చోబెట్టాం. గంటా నలభై నిమిషాలు. అందరూ మాట్లాడారు, ఆమె నోరు తెరవలేదు. సమావేశం అనుకున్నది ఇంకో పంచాయతీ అయి ముగిసింది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు గుండ్రంగా కూర్చున్నారంటే దానికి ఒకటే రూపం తెలుసు. తీర్పు చెప్పడం. తీర్పు అవసరం లేని చోట ఆ రూపాన్ని వాడకూడదు.

ఇక ఫోన్. భర్త ఎప్పుడు ఆన్‌లైన్‌లోకి వచ్చాడో చూడటానికి రోజుకు నలభైసార్లు తెరిచేది. మేము వద్దన్నాం. అన్న ఫోన్ లాక్కున్నాడు. ఆమె పక్కింటి పిల్ల ఫోన్‌లో చూసింది. నిషేధం పనిచేయలేదు.

దారి మారిన చోటు

ఆరో వారంలో పీహెచ్‌క్యూ స్కోరు 15. మాత్ర మళ్లీ మొదలై మూడు వారాలైంది, అయినా తగ్గింది మూడే. సెషన్‌లో ఆమె ఒక మాట అంది. “అందరూ నాకోసమే చేస్తాండారు. నేనేం చేయాల్నో మాత్రం ఎవరూ అడగరు.” అప్పుడు పద్ధతి మార్చాం. ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఒక నోట్‌బుక్ పేజీ మీద నాలుగు గడులు గీయించాం. ఎవరు, ఏ పని, ఏ రోజు ఎప్పటిదాకా, ఏం చేయకూడదు. రాసింది ఆమె. మనుషులను ఎంచుకున్నదీ ఆమే. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాం, ఆ పేజీలో వాళ్ల వరసే చూపించాం.

ఆ పేజీ ఇట్లా ఉంది. అన్న: ఫైనాన్స్ కంతు నెలకు 2,650, ఆరు నెలలు, అప్పుగా. కోర్టు వాయిదాలకు తోడు. చేయకూడనిది, బావకు ఫోన్ చేయడం. వదిన: ఆదివారం పొద్దున ఇరవై నిమిషాలు ఫోన్. చేయకూడనిది, సలహా. అమ్మ: నెలలో పది రోజులు వచ్చి ఉండటం, మూడు నెలలు. చేయకూడనిది, పిల్లల ముందు ఏడవడం, మాత్రల విషయం. స్నేహితురాలు: పనిలో చేరాక మొదటి పదిహేను రోజులు బస్సులో కలిసి పోవడం. మేనత్త: సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లలు. చేయకూడనిది, కొడుకు ఊసు కోడలి దగ్గర ఎత్తడం.

ఈ నాలుగో గడే అన్నిటికంటే పనిచేసింది. సాయం చేసేవాళ్లకు ఏం చేయాలో చెబితే సంతోషంగా చేస్తారు, దాంతోపాటు ఇంకో పది చేస్తారు. ఆ పదీ కలిసే మనిషిని ఊపిరాడనీయవు. చేయకూడనిది రాతలో ఉంటే ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకంటే దాదాపు అందరి వరసలోనూ ఒకటి ఉంది.

గడువు కూడా అంతే ముఖ్యం. ఆరు నెలలు అని అన్నకు తెలిసినందుకే మొదటి నెల నుంచి ఇబ్బంది లేకుండా కట్టాడు. అప్పుగా రాయాలన్నది ఆమె పట్టుదల. అన్న మొదట బాధపడ్డాడు, ‘చెల్లెలికి అప్పేంది’ అని. అప్పు కాకపోతే ప్రతి నెలా చెయ్యి చాచినట్టుంటుందని ఆమె చెప్పింది. ఆమె మాటే నిలబెట్టాం.

మేనత్తను కలుపుకోవడం

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించిన నిర్ణయం ఇది. అమ్మ, అన్న ఇద్దరూ వద్దన్నారు. కొడుకు తల్లి, ఇక్కడి మాట అక్కడ చేరుతుందన్నారు. ఆ భయం నిజమైనదే. మరోవైపు చూస్తే, ఇల్లు మేనత్తది, పిల్లలకు జేజి (నాయనమ్మ), మేనరికం కావడంతో కోడలు ఆమె అన్న బిడ్డ కూడా. ఈ ముసలామెను దూరం పెడితే ఇంటి మీద హక్కు కోర్టుకెక్కి తెచ్చుకోవాలి. అత్తమామల పేరు మీద ఉన్న ఇంట్లో కూడా కోడలు కాపురం చేసి ఉంటే అక్కడ ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస చట్టం, 2005 కింద ఆ దారి ఉంది. అయితే హక్కు ఉండటం వేరు, సాయంత్రం పిల్లలకు సంగటి కలిపి పెట్టే మనిషి ఉండటం వేరు.

అందుకని రెండు వారాలు పరీక్షగా పెట్టాం. పిల్లలను బడి నుంచి తేవడం ఒక్కటే. కోర్టు కాగితాలు, లెక్కలు ఏవీ ఆమెకు తెలియనీయలేదు. రెండు వారాల్లో మాట ఏదీ బయటికి పోలేదు. పదో రోజు భర్త ఫోన్ చేసి, ఆమెను పుట్టింట్లోనే ఉంచేయమని తల్లికి చెప్పాడు. ‘ఇది నా ఇల్లు. ఈడుండేది మా యన్న బిడ్డ. నువ్వు పంపితే పోయేదానికి నువ్వు తెచ్చుకున్న పిల్ల కాదు, నేను తెచ్చుకున్నది’ అంది అత్త. ఈ మాట మాకు చెప్పింది తొమ్మిదేళ్ల కూతురు. ఆ తర్వాతే ఆమె పుట్టింటి నుంచి తిరిగొచ్చింది, మొదటి నెల రాత్రిళ్లు అమ్మ తోడుగా ఉంది.

అన్ని కేసుల్లో అత్తను కలుపుకోవాలని దీని అర్థం కాదు. ఇక్కడ హింస లేదు. ఉన్నచోట ఈ ప్రయోగం చేయకూడదు.

డబ్బు

మొదటి పని లెక్క రాయడం. సరుకులు 3,500, పాలు 900, గ్యాస్ నెలకు సగటున 450, కరెంటు 250, కొడుకు ప్రైవేటు బడి ఫీజు 900, వ్యాను 600, మందులు 300, సంఘం కంతు 2,800, ఫైనాన్స్ కంతు 2,650. మొత్తం 12,350. రాబడి కలుపు పనికి పోతే నెలకు 3,000. తేడా 9,350. ఈ అంకె కాగితం మీద పడేదాకా ఆమె ‘లక్షల అప్పు’ అనే అనుకుంటూ ఉంది. అంకె చిన్నదేం కాదు, కానీ దానికి అంచులు కనబడ్డాయి.

కొడుకు ఒకటో తరగతికి వచ్చే ఈడు కాబట్టి జూన్‌లో అక్క చదివే ప్రభుత్వ బడిలోనే చేర్చారు. 1,500 తగ్గింది. అన్న కట్టే కంతు తీస్తే మిగిలిన నెల ఖర్చు 8,200. ఫైనాన్స్ మనుషులు రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి కూర్చునేవాళ్లు. మైక్రోఫైనాన్స్ అప్పులకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని, పద్ధతి ప్రకారం ముందుగా అనుకున్న చోటే వసూలు చేసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల్లో ఉంది. వదిన ఈ మాట కాగితం మీద రాసిచ్చి, బ్రాంచి ముద్ర వేయించుకుంది. రాత్రి రావడం ఆగింది.

బ్యాంకు ఖాతా విషయం కౌన్సెలర్లు తరచూ మరిచిపోతారు. ఫోన్ నంబరు భర్తదైతే ఓటీపీ, మెసేజీ అన్నీ అతనికే పోతాయి. కాబట్టి వరస ఇది. ముందు ఆమె పేరు మీద సిమ్, ఆ నంబరు ఆధార్‌కు, తర్వాత పాస్‌బుక్, ఆధార్‌తో బ్యాంకుకు స్వయంగా పోయి నంబరు మార్పు, పాత ఏటీఎం కార్డు బ్లాకు, కొత్త కార్డు. ఖాతా ఆధార్‌తో సీడింగ్ అయిందో (ముడిపడిందో) లేదో అక్కడే అడిగి చూసుకోవాలి. ఇవి ఏప్రిల్, మే నెలల్లో పూర్తయినందుకే, 2025 జూన్‌లో కూతురి చదువుకని ప్రభుత్వం ఇచ్చిన ‘తల్లికి వందనం’ డబ్బు 13,000 ఆమె చేతికి అందింది. ఒక నెల ఆలస్యమై ఉంటే ఆ డబ్బు పడిన సంగతి ముందు తెలిసేది భర్తకే. ఒంటరి మహిళ పింఛనుకు సచివాలయంలో అడిగాం, వయసు చాలలేదు.

పని రాయదుర్గంలో దొరికింది. అక్కడ జీన్స్ కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. స్నేహితురాలు చేసే యూనిట్‌లోనే మొదట దారాలు కత్తిరించే పని, పీసు లెక్క. నెలకు ఏడు, ఏడున్నర వేలు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టించమని అన్న అన్నాడు. వద్దనుకున్నాం. ఇంట్లో మిషన్ అంటే మళ్లీ అదే వసారా, అవే గోడలు, అదే ఫోన్. కుంగుబాటులో ఉన్న మనిషికి పొద్దున ఎనిమిదింటికి తల దువ్వుకుని బస్సెక్కాల్సిన అవసరం మందుతో సమానం. పనిలో చేరిన మూడో నెలలో, ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులు ఆడవాళ్లకు ఉచితమయ్యాయి, రోజుకు అరవై మిగిలాయి. మధ్యాహ్నం విరామంలో మిషన్ మీద నేర్చుకుంది. ఐదో నెలకు జేబులు కుట్టే లైన్‌కు మారింది, పదిన్నర వేలు దాటింది.

కోర్టు

ఇంట్లో అందరూ కేసు పెట్టాలనే అన్నారు. ఏ కేసు అన్నదానికే పదిహేను రోజులు తీసుకున్నాం. క్రూరత్వం కేసు (ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) పెడితే వేగంగా కదులుతుందని ఒకరు చెప్పారు. కానీ జరగని కొట్లాట రాయాలి, అత్త పేరు చేర్చాలి. ఆమె ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోం. విడాకులు ఆమె ఇంకా కోరుకోలేదు. వదిలి వెళ్లాడన్న కారణం మీద అడగాలన్నా రెండేళ్లు నిండాలి.

భరణం ఒక్కటే అడిగాం. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125. ఆమె ఉండే చోటే వేయొచ్చు, బెంగళూరు పోనవసరం లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు, న్యాయసేవల సంస్థకు అర్జీ పెడితే చాలు, ఫోన్ 15100. భరణం అర్జీ వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, వేయడం ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. ఆస్తులు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్‌కు ఆమె నోట్‌బుక్ లెక్క సరిగ్గా సరిపోయింది. పాత నెలల్లో అతను పంపిన డబ్బు ఖాతా స్టేట్‌మెంటులో ఉంది, అతని రాబడికి అదే ఆధారమైంది.

భర్త కౌంటరులో (కోర్టుకిచ్చిన జవాబులో) ‘నేను తీసుకుపోతానంటే ఆమే రావడం లేదు’ అని వేశాడు. ఇది తరచూ వచ్చే ఎత్తుగడ. భర్త ఇంకొక స్త్రీతో ఉంటే భార్య అతనితో ఉండననడం న్యాయమైన కారణమేనని చట్టంలోనే ఉంది. మధ్యంతర భరణంగా ఆమెకు 3,000, పిల్లలకు చెరో 2,000 వచ్చింది. రెండు నెలలు కట్టి ఆపాడు.

ఫోన్, పిల్లలు, శుభకార్యం

ఫోన్‌కు నిషేధం తీసేసి వేళ పెట్టాం. మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం ఆరింటికి, పావుగంట చొప్పున చూడొచ్చు. అతని స్టేటస్ మ్యూట్. రాత్రి తొమ్మిదికి ఫోన్ వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టేయాలి. అలారానికి వంద రూపాయల గడియారం కొన్నారు, లేకపోతే అలారం పేరుతో ఫోన్ మళ్లీ మంచం దగ్గరికి వస్తుంది. మూడో వారానికి సాయంత్రం పావుగంట ఆమే మానేసింది, ఆ టైముకు బస్సులో ఉంటుంది కాబట్టి.

పిల్లలకు చెప్పాల్సిన మాటలు మూడు వాక్యాలుగా కుదించి, అందరూ అవే చెప్పేటట్టు చూశాం. ‘నాన్న ఇప్పుడు మనతో ఉండడం లేదు. దాంట్లో మీ తప్పేమీ లేదు. నేను, జేజి, మామ ఎక్కడికీ పోము.’ వస్తాడా అని అడిగితే ‘నాకు తెలియదు’ అనడమే. కూతురి విషయం క్లాసు టీచరుకు మాత్రం చెప్పారు, ఆమె చోటు మార్చి కూర్చోబెట్టింది. కొడుకును తిట్టడం మాన్పించాం. రాత్రి ఏడు తర్వాత నీళ్లు తగ్గించి, పది గంటలకు ఒకసారి లేపేవాళ్లు. ఆరు వారాల్లో పక్క తడపడం వారానికి ఒకసారికి తగ్గింది. తండ్రి మాట్లాడాలంటే ఆదివారం సాయంత్రం, జేజి ఫోన్‌లో. తల్లి మధ్యవర్తిగా ఉండదు.

బంధువుల ఇంట్లో సీమంతం వచ్చింది. గాజులు తొడిగే వరసలో ఆమెను దాటిపోయారు. వదిన లేచి, గాజుల పళ్లెం తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టి, ‘తొడుగు వదినా’ అంది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆమె తొడిగింది. తాళి ఉంచుకోవాలా తీయాలా అని మమ్మల్ని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది కౌన్సెలింగ్‌లో తేల్చే విషయం కాదు, ఆమెను అడగమన్నాం.

జారిపోయిన వారం

ఐదో నెలలో స్కోరు 9. ఆరో నెలలో భర్త వినాయక చవితి ఫొటో పెట్టాడు, పక్కన ఆ స్త్రీ. ఎవరో చుట్టం ఆమెకు పంపారు. నాలుగు రోజులు పనికి పోలేదు, స్కోరు మళ్లీ 14. పేజీ వెనకవైపు దీనికోసమే ఒక వరస రాసిపెట్టుకున్నాం. రెండు రోజులు వరుసగా మంచం దిగకపోతే, అత్త స్నేహితురాలికి ఫోన్ చేయాలి. ఆమె వచ్చి తలంటి పోసి, బస్సు దాకా తీసుకుపోవాలి. చావు మాట వస్తే మాకు ఫోన్, రాత్రయితే మానసిక సాయానికి ఉన్న ఫోన్ లైను టెలీ మానస్ 14416, ఏదైనా తాగితే నేరుగా 108. అత్త మూడో రోజు ఫోన్ చేసింది, ఒక రోజు ఆలస్యంగా. ఐదో రోజు ఆమె లైన్‌లో కూర్చుంది. పద్నాలుగు వందలు పోయాయి. ఫొటో పంపిన చుట్టాన్ని అన్న తిట్టబోతే ఆమే ఆపి, ఆ నంబరు తానే బ్లాక్ చేసింది.

పదకొండో నెలలో

స్కోరు 5. హిమోగ్లోబిన్ 11.2. మాత్ర ఎప్పుడు తగ్గించాలన్నది డాక్టర్ నిర్ణయం, ఇంకా నడుస్తోంది. అన్న కట్టిన 15,900కు నెలకు వెయ్యి చొప్పున తిరిగి కడుతోంది, నోట్‌బుక్‌లో టిక్కు పెట్టి అన్న సంతకం తీసుకుంటుంది. పేజీలో అమ్మ వరస, స్నేహితురాలి వరస కొట్టేసి ఉన్నాయి. ఆదివారం ఫోన్‌కు గడువు లేదు, అది ఉంచుకుంది.

భరణం బకాయి వసూలు అర్జీ వేయాలి. బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వేయకపోతే ఆ నెలకు వారంటు అడగలేం, కాబట్టి వకీలు గుమాస్తా చెప్పే ‘తర్వాత చూద్దాం’కు ఇక్కడ చోటివ్వకూడదు. బంగారం తేలలేదు. బ్యాంకు వేలం నోటీసు అత్త ఇంటి అడ్రసుకే వచ్చింది. లోన్ నంబరు నోటీసులో ఉంది, ఆ ఖాతాకు వడ్డీ ఎవరైనా కట్టొచ్చు. అత్త 6,000, ఆమె 5,200 వేసి 11,200 కట్టి వేలం ఆపారు. విడిపించాలంటే మాత్రం భర్త సంతకం కావాలి. నగ తన స్త్రీధనం అని చూపడానికి పెళ్లి ఫొటోలు, కంసాలి ఇచ్చిన పాత చీటీ, బ్యాంకు నోటీసు నకలు ఒక కవరులో పెట్టి వకీలుకు ఇచ్చింది. అసలు చీటీ మాత్రం ఇవ్వలేదు, అది అత్త పెట్టెలో ఉంది.